బోల్టులో దాచిన ముక్క

మంగళవారం పొద్దున పదిన్నరకి అకాయితి బైకు సైలెన్సర్ ఊడింది. తితికావేకా ఊరు దాటి, సముద్రం పక్క రోడ్డు వదిలి లోయలోకి మళ్లే చోట టపటపమని పెద్ద చప్పుడైంది. ఏమిటా అని వంగి చూసేలోపే కాలే గొట్టం పక్కకి వాలి ఆమె కుడి పిక్కకి అతుక్కుంది. బైకుతో సహా గడ్డిలోకి ఒరిగిపోయింది.

సీసాలో ఉన్న మంచినీళ్లన్నీ కాలి మీద పోసుకుంది. చర్మం అరచేతి మేర తెల్లబడి ముడుచుకుపోయింది. పదిహేడేళ్లుగా ఊళ్లో ఇళ్లకి తిరిగి కట్లు కట్టే నర్సు ఆమె. కాలిన గాయం చూసి బెదిరే మనిషి కాదు. ఆమె చూపంతా భుజాన ఉన్న సంచీ మీదుంది. అందులో రంగి తాత కాలికి కట్టాల్సిన గుడ్డలు, మందు ఉన్నాయి.

రంగి తాతకి డెబ్భై ఒకటి. ఒంట్లో చక్కెర. ఎడమ పాదం బొటనవేలి కింద నెలరోజులుగా మానని పుండు. రోజు మార్చి రోజు కట్టు మార్చాలి. ఆయనుండేది లోయ లోపల రెండు మైళ్ల దూరంలో, రెండు పందులతో ఒంటరిగా. బస్సు దీవి చుట్టూ తిరుగుతుందే కానీ లోయలోకి రాదు. అకాయితి మొగుడు తమతోవా అవరువా రేవులో సామాను దింపే పనిలో ఉన్నాడు. పని వేళల్లో ఫోను ఎత్తడు.

అందుకని బావగారికి ఫోను చేసింది. తమతోవా అన్నయ్య మరేకోకి ట్రక్కు ఉంది. ఆయన ఇల్లు లోయ మొదట్లోనే. పైగా ఆ సైలెన్సర్‌ని పోయిన నెల బాగుచేసి ఇచ్చింది కూడా ఆయనే.

"బావగారూ, సైలెన్సర్ ఊడిపోయింది. కాలు కాలింది. నా సంగతి తర్వాత, మీరు వెంటనే వెళ్లి రంగి తాతని ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు మార్పించండి. ఇవాళ తప్పితే పుండు చెడుతుంది."

"అయ్యో తల్లీ. నువ్వింటికి పో, కాలు చూసుకో. తాతని నాకొదిలెయ్. ఇదిగో, తాళాలు చేతిలోకి తీసుకున్నా."

ఫోను పెట్టేసిన కాసేపటికి పక్కింటి తువైనే చేమదుంపల బుట్టలతో ట్రక్కులో వచ్చింది. ఇద్దరూ కలిసి బైకుని వెనక ఎక్కించారు. ఊడిన గొట్టాన్ని గోనెపట్టాతో పట్టుకుని బైకు పక్కనే వేశారు.

"తాత దగ్గరికి తిప్పమంటావా? పది నిమిషాల పని" అంది తువైనే.

"వద్దులే. బావగారు బయల్దేరారు."

ఆ సాయంత్రం మరేకో ఇంటి నుంచి ట్యూనా చేప ముక్క వచ్చింది, అరిటాకులో చుట్టి. నిమ్మరసంలో నానేసి కొబ్బరిపాలు కలుపుకుని మొగుడూ పెళ్లాలు తిన్నారు. "చూశావా, నీ కాలు కాలిందని అన్నయ్య ఎలా పంపాడో" అన్నాడు తమతోవా. ఔను, మంచి మనిషే అనుకుంది అకాయితి.

బుధవారమంతా బొబ్బ ఉబ్బి, జ్వరం తగిలి పడుకుంది. గురువారం తువైనే ట్రక్కెక్కి తాత దగ్గరికి వెళ్లింది. వాకిట్లో అడుగు పెట్టగానే వాసన తెలిసింది. నర్సుకి ఆ వాసన కళ్లతో చూసినంత. తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాదం నుంచి చీలమండ దాకా ఎర్రగా వాచింది. ఆదివారం ఆమె కట్టిన కట్టే ఇంకా ఉంది, తడిసి, పచ్చబడి.

"బావగారు రాలేదా తాతా? మంగళవారం?"

"ఎవరూ రాలేదమ్మా. నువ్వొస్తావని గుమ్మంలోనే కూర్చున్నా. పందులు కూడా దారే చూశాయి" అన్నాడు తాత నవ్వబోయి.

శుక్రవారం పొద్దున ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. బొటనవేలూ, దాని పక్కదీ.

ఆసుపత్రి నుంచి అకాయితిని తువైనే తన ట్రక్కులో తీసుకొచ్చింది. ఇంటి ముందు ట్రక్కు ఆపాక స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చెప్పింది. "చెప్పకూడదనుకున్నా. మంగళవారం పదకొండింటికి మరేకో పడవ పగడపు దిబ్బ బయట సముద్రంలో ఉంది. మా ఆయన చూశాడు. ఆ రోజు ట్యూనా దండిగా పడిందట."

అకాయితి దిగలేదు. నాలుక మీద నిమ్మరసం, కొబ్బరిపాల రుచి తగిలినట్టయింది. తాత గుమ్మంలో కూర్చుని దారి చూస్తున్న రోజున పట్టిన చేప. దాన్ని తను రెండోసారి వడ్డించుకుని మరీ తింది.

"కాస్త మంచినీళ్లు తాగు" అంది తువైనే.

"వద్దు" అని దిగి, తిన్నగా ఇంటి వెనక రేకుల పాకలోకి నడిచింది.

బైకు అక్కడే ఉంది. నూటపాతిక సీసీ పాత బండి. అది ఆమె సొంతం. జనవరిలో మరేకో "రెండు రోజులు" అని తీసుకెళ్లి, వలలు మోసుకొచ్చి, దిబ్బ పక్కన మోకాలి లోతు ఉప్పునీళ్లలో నిలబెట్టాడు. అప్పటి నుంచి సైలెన్సర్ దగ్గర తుప్పు పట్టి పొగ కారడం మొదలైంది. పోయిన నెల తనే వచ్చి "ఇటివ్వు, నేను బిగిస్తా" అని పట్టుకెళ్లి, తళతళా తుడిచి తెచ్చిచ్చాడు. ఆ పూట చేమాకు కొబ్బరిపాలతో గిన్నెడు వండి పంపింది అకాయితి. ఊళ్లో ఏ యంత్రం ఆగినా ముందు చెయ్యి పెట్టేది మరేకోనే. కొన్ని నడిచేవి. నడవని వాటికి కాలం తీరిందనేవాడు.

తన సొంత తాత ఇచ్చిన పనిముట్ల పెట్టె తెరిచింది. ఆయన అయితుతాకీ దీవి నుంచి దీవుల మధ్య తిరిగే సరుకు పడవలో ఇంజన్ చూసేవాడు. మనవలకి ఓపిక లేదని మనవరాలికి పని నేర్పాడు. పానా పట్టడం, ఆకురాయి పట్టడం, వెల్డింగ్, అన్నీ పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు నేర్చుకుంది. తర్వాత నర్సయింది.

కాలికి కట్టు ఉండటంతో కింద కూర్చోలేక, చిన్న పీట మీద కాలు చాపుకుని పని మొదలుపెట్టింది. ఈ బళ్లకి సైలెన్సర్ గొట్టాన్ని ఇంజన్‌కి పట్టి ఉంచేవి రెండే రెండు బోల్టులు. ఆ రెండూ ఉండాల్సిన చోట వెండి రంగు పూసి ఉంది. ఉలితో గీకింది. రంగు కింద లప్పం. గోడ పగుళ్లు పూడ్చినట్టు పూడ్చాడు. లప్పం కింద ఇనప తీగ చుట్లు. అంటే నెల రోజులుగా ఆ గొట్టం ఒక్క బోల్టు కూడా లేకుండా తీగ మీద, లప్పం మీద వేలాడుతోందన్న మాట. దాని పక్కనే కాలు పెట్టుకుని తను దీవంతా తిరిగింది.

కుడి వైపు బోల్టు గోరంత బయటికి మిగిలి విరిగింది. ఎడమది పూర్తిగా ఇంజన్ మట్టానికి విరిగింది. దాన్ని చదును చేద్దామని ఆకురాయి ఆనించి రెండుసార్లు లాగింది. మూడోసారి ఆకురాయి గాజు మీద నడిచినట్టు సర్రున జారింది.

అకాయితి ఆగి గుడ్డతో తుడిచి, కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసింది. తుప్పు బోల్టు నడుమ బియ్యపు గింజంత చుక్క మెరుస్తోంది.

ఆ మెరుపేమిటో ఆమెకి వెంటనే తెలిసింది. విరిగిన బోల్టు తియ్యడానికి దాని నడుమ సన్నటి రంధ్రం తొలిచి, అందులో ఎదురుమర ఉన్న ఉక్కు పుల్ల దిగ్గొట్టి వెనక్కి తిప్పుతారు. బోల్టు ఒదులుగా ఉంటే వచ్చేస్తుంది. ఉప్పుకి పట్టేసిన బోల్టు రాదు. రానప్పుడు ఆపాలి. నూనె పోసి, వేడి పెట్టి, రోజులు ఆగాలి. ఆగకుండా బలం చూపిస్తే ఆ పుల్లే లోపల పుటుక్కున విరుగుతుంది. దాని ఇనుము ఎంత గట్టిదంటే ఇక ఏ డ్రిల్లూ దాన్ని తొలవలేదు. అలా విరిగిన పుల్లని లోపలే వదిలేసి, మీద లప్పం పెట్టి, రంగేసి, తుడిచి, ఇచ్చాడు. చేమాకు కూర గిన్నె కూడా పుచ్చుకున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఆకురాయిని బల్ల మీదకి విసిరితే అది ఎగిరి గోడకి తగిలి కింద పడింది. బయట కోళ్లు చెదిరాయి.

సాయంత్రం తమతోవా పని నుంచి వచ్చాక అతనికి చూపించింది. అతను వంగి చూశాడు. చూసి మెడ రుద్దుకున్నాడు.

"పోనీలే అకాయితీ. అన్నయ్య కావాలని విరగ్గొట్టాడా?"

"విరగ్గొట్టడం కావాలని చెయ్యలేదు. లప్పం పెట్టి రంగెయ్యడం నిద్రలో చేశాడా?"

"చెప్పడానికి మొహం చెల్లలేదేమో."

"నాకు చెప్పడానికి మొహం చెల్లలేదు. నా కాలు కాలితే చెల్లింది. తాతకి వేళ్లు తీసేస్తే చెల్లింది. ఆ మొహం ఎక్కడెక్కడ చెల్లుతుందో నాకో చీటీ రాసిస్తే గుర్తు పెట్టుకుంటా."

"సరే, సరే. రేపు మాట్లాడతా."

కంచె అవతల బట్టలు తీస్తున్న తువైనే అక్కణ్ణుంచే అందుకుంది. "మీ ఆయన మాట్లాడాడంటే నేను మా పంది పిల్లనిస్తా. అన్నగారి ముందు ఆయన నాలుక అంగిట్లో వెల్డింగ్ అయిపోతుంది."

తమతోవా తలొంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా ఆ బోల్టులు తనే తియ్యాలని అకాయితి అప్పుడు నిశ్చయించుకుంది. ఆ పూట రెండు బోల్టుల చుట్టూ తుప్పు వదిలే నూనె పోసి ఉంచింది.

శనివారం పది గంటలకి మరేకోనే వచ్చాడు, రెండు సీమ పనసకాయలు చంకన పెట్టుకుని. యాభై రెండేళ్ల మనిషి. ఎత్తుగా, నిండుగా, ఉతికిన చొక్కాలో ఉన్నాడు. చర్చి సంఘ పెద్ద కాబట్టి శనివారం నుంచే ఆయన మీద ఆదివారపు కళ వస్తుంది.

"కాలెలా ఉంది తల్లీ? తాత గురించి విన్నా. మనసు కలిచివేసింది."

"మంగళవారం వెళ్లారా బావగారూ?"

"వెళ్లాను. నిద్రపోతున్నాడు. పెద్దాయన్ని లేపడం ఎందుకని వచ్చేశా."

"ఏ పక్క వెళ్లారు? లోయ పక్కా, సముద్రం పక్కా?"

మరేకో పనసకాయలు బల్ల మీద పెట్టాడు. నిదానంగా చేతులు దులుపుకున్నాడు. "నీకెవరో ఏదో చెప్పినట్టున్నారు."

"ఇది కూడా చెప్పండి. ఈ బోల్టులో ఏం విరిగింది?"

ఆయన వంగను కూడా వంగలేదు. "అదా? పాత బోల్టులకి లోపలి భాగం అలా గట్టిపడిపోతుంది. ఉప్పుగాలికి. బండికి కాలం తీరింది తల్లీ, నువ్వొప్పుకోవడం లేదు గానీ."

నోటి దాకా వచ్చిన మాటని అకాయితి పళ్ల మధ్య పట్టుకుంది. ఆ మాట అనేస్తే ఆయనకి తప్పించుకునే దారి ఇంకోటి దొరుకుతుంది.

"మీ వెల్డింగ్ మిషన్ కావాలి. సాయంత్రానికల్లా ఇచ్చేస్తా."

"వెల్డింగ్ నువ్వు చేస్తావా?" మరేకో నవ్వాడు. "ఇంజన్ అల్యూమినియం. వెన్నలా కరిగిపోతుంది. ఇంజెక్షన్ ఇచ్చినట్టు కాదు. నేనే సోమవారమో మంగళవారమో వచ్చి చేస్తాలే."

"మీరు మంగళవారం అంటే నాకు భయం బావగారూ. మీరు దీని మీద చెయ్యి వెయ్యొద్దు. మిషన్ ఇవ్వండి చాలు."

"అలా అయితే ఇవ్వను. రేపు చెయ్యి కాల్చుకుని నన్నంటావు." పెద్దరికంగా ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. ఆయన వెళ్లిపోయాడు.

మెట్టు మీద కూర్చుని ఉన్న తమతోవా ఇదంతా విన్నాడు. అకాయితి అతని వైపు చూడకుండా సుత్తీ మొన ఉలీ తీసుకుని ఆ మెరిసే చుక్క మీద కొట్టింది. గట్టి ఇనుము ఒక్కోసారి పెళుసుగా పగిలి వస్తుంది. రవ్వంత ముక్క లేచింది. తర్వాత ఉలి మొనే వంకరపోయింది. ఆమె కొడుతూనే ఉంది. ఆ దెబ్బల్లో లెక్క తప్పిందని ఆమెకే తెలిసి సుత్తి పక్కన పెట్టేసింది.

తలెత్తి చూస్తే మెట్టు మీద తమతోవా లేడు. అరగంటకి పెరటి దారిలో తోపుడు బండి కిర్రుమంది. అందులో వెల్డింగ్ మిషన్.

"ఇచ్చాడా?"

"అడగలేదు. అది మా నాన్నది. నాన్న ఇద్దరికీ నాన్నే." చెమట తుడుచుకుని వైరు పాకలోకి లాగాడు.

అకాయితి బ్యాటరీ వైర్లు ఊడదీసింది. పెట్రోలు తొట్టి విప్పి తమతోవా చేత దూరంగా పెట్టించింది. ముందు తేలిక దాని సంగతి చూసింది. గోరంత మిగిలిన కుడి బోల్టు మీద ఒక నట్టు పెట్టి, నట్టు లోపల నింపుతూ వెల్డింగ్ చేసింది. అల్యూమినియానికి ఆ ఇనుము అంటదు, బోల్టుకే అంటుతుంది. ఆ సంగతి తెలియక కాదు మరేకో వెన్న మాట చెప్పింది. ఎర్రదనం పోయాక పానా పెట్టి రవ్వంత అటూ, రవ్వంత ఇటూ కదిపింది. మూడో కదుపుకి కిర్రుమని తిరిగింది. ఎర్రటి తుప్పు పొడి రాలుస్తూ బయటికొచ్చింది.

అప్పటికి కంచె దగ్గర మరేకో నిలబడి ఉన్నాడు. మిషన్ పోయిందని చూసుకుని వచ్చినట్టున్నాడు. మిషన్ గురించి తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. సలహాలు మాత్రం చెప్పాడు.

"కరెంటు ఎక్కువ పెట్టావు."

ఆమె ఎడమ బోల్టు మీద చిన్న వాషర్ పెట్టి, దాని రంధ్రంలోంచి చుక్క చుక్కగా ఇనుము పోసి గుట్ట కట్టింది. దాని మీద నట్టు. పానా పెట్టి తిప్పితే నట్టు పుటుక్కున ఊడొచ్చింది.

"చెప్పానా" అన్నాడు మరేకో.

రెండోసారి చేసింది. మళ్లీ ఊడింది. వెనక నిలబడ్డ మనిషి ఊపిరి కూడా ఆమెకి వినిపిస్తోంది. పానా తీసి ఆ ఉతికిన చొక్కా మీదకి విసరాలనిపించింది. అది ఎంత బలంగా అనిపించిందంటే, లేచి కొళాయి దగ్గరికి వెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకుని, అక్కడే గోడకి ఆనుకుని యాభై అంకెలు లెక్కపెట్టింది. తువైనే అప్పుడే సంత నుంచి వచ్చి, ఏమీ అడక్కుండా ఒక కొబ్బరిబోండం చేతిలో పెట్టింది. సగం తాగి తిరిగొచ్చింది.

మూడోసారి తొందరపడలేదు. చిట్లిన ఇనుమంతా ఆకురాయితో శుభ్రం చేసింది. గుట్ట వెడల్పుగా కట్టింది. నట్టు నిండా పోసింది. వేడి మీదే కొవ్వొత్తి మైనం బోల్టు చుట్టూ ఆనిస్తే కరిగి మర చుట్ల సందుల్లోకి పీల్చుకుపోయింది. చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఆగింది. పానా పెట్టింది. కదల్లేదు. మళ్లీ వేడి, మళ్లీ మైనం, మళ్లీ చల్లారనిచ్చింది. ఈసారి రవ్వంత కదిలింది. వెంటనే వెనక్కి తిప్పేసింది. కాస్త ముందుకి, కాస్త వెనక్కి. పాతికసార్లు తిప్పి ఉంటుంది. నట్టు, వాషర్, బోల్టు అన్నీ ఒకే గడ్డగా ఊడి ఆమె అరచేతిలో పడ్డాయి. బోల్టు అడుగున, తొలిచిన రంధ్రంలోంచి, ఎదురుమర పుల్ల కొస బయటికి పొడుచుకొచ్చి ఉంది. పుల్ల మీద మరలు ఎండలో స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఎవరైనా చూడొచ్చు.

కంచె దగ్గరికి నడిచి అరచెయ్యి చాపింది.

"ఇదేనా బావగారూ, బోల్టు లోపల గట్టిపడ్డ భాగం?"

మరేకో చూశాడు. తమ్ముడి వైపు చూశాడు. తమతోవా చూపు తిప్పుకోలేదు.

"మిషన్ వైర్లు సరిగ్గా చుట్టి పంపండి. మడత పడితే పాడైపోతాయి" అని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి మరలు శుభ్రం చేసి, కొత్త బోల్టులకి గ్రీజు రాసి, సైలెన్సర్ బిగించింది. మొదటి తన్నుకే బండి పలికింది. అయినా సంతోషం కలగలేదు. ఆసుపత్రిలో పడుకున్న మనిషికి రెండు వేళ్లు అలా బిగించలేం కదా.

ఆదివారం చర్చిలో అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఆడవాళ్ల నారటోపీల మీద దేవగన్నేరు పూలు. ఊపిరితిత్తుల అడుగు నుంచి వచ్చే పాటలతో పైకప్పు అదురుతోంది. పాటయ్యాక జబ్బుపడ్డ వాళ్ల కోసం ప్రార్థన. మరేకో లేచాడు. కళ్లు మూసుకుని రెండు చేతులూ ఎత్తాడు.

"ప్రభువా, నీ దాసుడు రంగిని జ్ఞాపకం చేసుకో. అతని పాదాన్ని ముట్టు. కట్టు కట్టే చేతులు ఆలస్యం చేసినా నీ చేతులు ఆలస్యం చెయ్యవు తండ్రీ. ఆలస్యం చేసిన వాళ్లని కూడా క్షమించు."

చర్చిలో కొన్ని టోపీలు అకాయితి వైపు తిరిగాయి. ఆమెన్ అన్నారు. ఆ ఆమెన్ ముగియకముందే ఆమె లేచి నిలబడింది. కాలి కట్టు నొప్పి పెట్టినా ముందు బెంచీ పట్టుకోలేదు.

"ఒక మాట చెప్పాలి."

"తర్వాత మాట్లాడుకుందాం అకాయితీ" అన్నాడు పాస్టరు మెల్లగా.

"తర్వాతంటే భోజనాలు, పాస్టరు గారూ. భోజనాల దగ్గర ఎవరికీ ఏదీ వినపడదు." ఆమె గొంతు పెద్దది కాదు. కానీ అంతా నిశ్శబ్దంగా ఉంది. "పోయిన నెల బావగారు నా బండి బాగుచేస్తూ రెండు బోల్టులు విరగ్గొట్టారు. వాటిలో ఒకటి తియ్యబోయి పుల్ల కూడా విరిచారు. ఎవరికైనా విరుగుతాయి. విరిగాయని చెప్పలేదు. లప్పం పెట్టి రంగేసి ఇచ్చారు. మంగళవారం అది ఊడింది. నేను రాలేను, తాతని ఆసుపత్రికి తీసుకెళ్లమని ఫోను చేశాను. తాళాలు చేతిలో ఉన్నాయన్నారు. చేపలు పట్టడానికి వెళ్లారు. నన్ను తాత దగ్గరికి తీసుకెళ్తానని తువైనే అంటే వద్దన్నది నేను. ఆ తప్పు నాది, నేను మోస్తాను. కానీ నేను చెయ్యని ఆలస్యానికి నా తరఫున క్షమాపణ అడగొద్దని ఆయనకి చెప్పండి."

కూర్చుంది. మరేకో మొహం ముందు ఎర్రబడి తర్వాత పాలిపోయింది. "నేను సాయం చేద్దామనే..." అని మొదలుపెట్టాడు. పాస్టరు తడుముకుని పాట అంకె చెప్పాడు. తమతోవా పెళ్లాం పక్కన కూర్చుని పాట పుస్తకం తెరిచి తలకిందులుగా పట్టుకున్నాడు.

ఊరు రెండుగా చీలింది. ఇంటి గొడవ దేవుడి ఇంట్లో చెప్పుకుంటారా అన్నవాళ్లు ఎక్కువ. తువైనే మాత్రం సంతలో చేమదుంపలతో పాటు ఈ కథ కూడా అందరికీ పంచింది. మరేకో ఇంటి నుంచి చేప రావడం ఆగింది. తమతోవా ఆదివారం సాయంత్రాలు అన్నగారింటికి ఒక్కడే వెళ్లి, ఒక్కడే వచ్చేవాడు. ఏం మాట్లాడుకున్నారని ఆమె అడగలేదు. కోపం తగ్గుతుందేమోనని తనలో తనే చూసుకుంది. తగ్గలేదు. పొద్దున్నే బైకు తాళం తిప్పినప్పుడల్లా లేచి కూర్చునేది.

నాలుగు వారాలకి రంగి తాత ఇంటికొచ్చాడు. ఆ రోజు అకాయితి లోయలోకి వెళ్లేసరికి వాకిట్లో మరేకో ట్రక్కు ఉంది. ఆయన మెట్టు మీద, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"పొద్దున్నే వచ్చాడమ్మా" అన్నాడు తాత లోపలి నుంచి. "పందులకి మేతేశాడు. నీళ్లు తోడాడు. మాట మాత్రం లేదు. చర్చిలో దేవుడితో అంత మాట్లాడేవాడు, నాతో మాట్లాడ్డానికి ఏమీ దొరకలేదు."

మరేకో లేచి నిలబడ్డాడు. "అకాయితీ, నేను..."

"చేతులు కడుక్కున్నారా?"

"ఆఁ?"

"సబ్బుతో, మోచేతుల దాకా. కడుక్కుని లోపలికి రండి."

కడుక్కుని వచ్చాడు. ఆమె వేణ్నీళ్ల గిన్నె ఆయన చేతికిచ్చి, తాత కాలి దగ్గర కింద కూర్చోబెట్టింది. కట్టు విప్పడం మొదలుపెట్టింది. గుడ్డ పొరలు ఒక్కొక్కటీ ఊడొచ్చాయి. చివరి పొర లేచి, వేళ్లు లేని చోట కుట్లతో ఎర్రటి మాంసం బయటపడగానే మరేకో మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇటు చూడండి" అంది అకాయితి. "రోజు మార్చి రోజు ఇలాగే ఉంటుంది. ఎల్లుండి కూడా రావాలి. ఎనిమిదింటికి."

ఆయన తల తిప్పాడు. ఆమె పని ముగించేదాకా చూశాడు.